ఇకపై ప్రతి పాఠం పక్కన డేటా లెక్క కూడా ఉంటుంది

చందాదారులందరికీ నమస్కారం.

వీడియోల ద్వారా అకౌంటింగ్ నేర్పే మా చిన్న సంస్థ వచ్చే నెల నుంచి పాఠాలను అందించే తీరును మారుస్తోంది. చందా మానుకున్నవారిని కారణం అడిగితే, పాఠం నచ్చలేదన్నవారు కొద్దిమందే. డేటా చాలడం లేదన్నవారే ఎక్కువ. వారు మా చందాను మరో సంస్థ చందాతో పోల్చి చూడలేదు, తమ ప్లాన్‌లో మిగిలిన డేటాతో పోల్చి చూసుకున్నారు.

లెక్క వేస్తే వారి మాట కాదనలేం. సెకనుకు 5 మెగాబిట్ల చొప్పున నడిచే ఫుల్ హెచ్‌డీ వీడియో గంటకు సుమారు 2.25 జీబీ తీసుకుంటుంది కనుక, రోజుకు 1 జీబీ పరిమితి ఉన్నవారికి అరగంట పాఠం కూడా పూర్తి కాదు. పరిమితి దాటాక వేగం సెకనుకు 64 కిలోబిట్లకు పడిపోయే ప్లాన్లలో ఒక్క ఎంబీ బొమ్మ తెరుచుకోవడానికే రెండు నిమిషాలకు పైగా పడుతుంది; అలాంటి వాటినీ అన్‌లిమిటెడ్ అనే పిలుస్తున్నారు.

పరిమితి వల్ల చూసే సమయం తగ్గడం ఒక ఎత్తు, కొత్తదాన్ని చూసి ఎంచుకునే ధైర్యమే తగ్గడం మరో ఎత్తు. మేము ఉచితమని చెప్పే నమూనా పాఠానికి కూడా చూసేవారు తమ డేటాతో మూల్యం చెల్లిస్తున్నారు. అందువల్ల తెలియని పాఠాన్ని పరీక్షించడం కన్నా అలవాటైన యాప్‌లోనే ఉండిపోవడం వారికి క్షేమంగా తోస్తుంది. చిన్న ప్యాక్‌లలో ఒక్కో జీబీకి పడే ధర తరచుగా ఎక్కువే కాబట్టి, ఆచితూచి ఖర్చుపెట్టేవారికే ఈ భారం మరింత తగులుతుంది.

మా పాఠాలు డేటా లెక్కలోకి రాకుండా టెలికాం సంస్థలతో ఒప్పందం చేసుకోవచ్చు కదా అని కొందరు అడిగారు. చూసేదాన్ని బట్టి డేటా ధర మార్చే అలాంటి వివక్షాపూరిత ధరలను భారత్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2016లోనే నిషేధించింది. ఐరోపా సమాఖ్య న్యాయస్థానం కూడా 2021లో ఆ తరహా ప్లాన్లను తప్పుపట్టింది. నిషేధం లేని చోట కూడా మేము ఆ దారి పట్టం, ఎందుకంటే ఆ బేరం పెద్ద సంస్థలకే గిట్టుబాటవుతుంది, పైగా వేరే నెట్‌వర్క్‌లో ఉన్న మా చందాదారులకు దానివల్ల ఒరిగేదేమీ లేదు.

ఇకపై వీడియోలు మొదట ఫుల్ హెచ్‌డీ కన్నా తక్కువ స్పష్టత ఉండే 480పీలోనే తెరుచుకుంటాయి. సెకనుకు 1 మెగాబిట్‌కు కుదించడం వల్ల గంటకు 450 ఎంబీ సరిపోతుంది. ఎన్ని ఎంబీలు ఖర్చవుతాయో పాఠం తెరవకముందే కనిపిస్తుంది, తరువాతి పాఠం దానంతటదే మొదలుకాదు. గంటకు 29 ఎంబీతో వినగలిగే ఆడియో కూడా ఇస్తున్నాం కానీ, లెక్కలు చేయించే పాఠాలకు అది పనికిరాదు. 480పీలో పట్టికల్లోని చిన్న అంకెలు స్పష్టంగా కనిపించవు గనుక ఆ పాఠాలను పెద్ద అక్షరాలతో మళ్లీ చిత్రీకరిస్తున్నాం. పన్నుల పాఠాలతో మొదలుపెట్టాం, మిగిలినవాటికి సమయం పడుతుంది. ఒక్కో పాఠాన్ని పలు రూపాల్లో నిల్వ చేయడానికి మాకు ఖర్చు పెరుగుతున్నందున చందా మాత్రం తగ్గించలేకపోతున్నాం.

ఫుల్ హెచ్‌డీయే కావాలనుకునేవారు సెట్టింగ్స్‌లో ఒకసారి మార్చుకుంటే చాలు. వైఫై ఉన్నచోట పాఠాన్ని డౌన్‌లోడ్ చేసుకుని, చందా ఉన్నంతకాలం నెట్ లేకుండానే చూసుకోవచ్చు.