మా ర్యాప్‌కి సినిమా ఛాన్సే కొలమానమా?

సంపాదకులకు నమస్కారం.

విదేశాల్లో ఉంటూ ర్యాప్ చేస్తున్న తెలుగువాళ్ల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. మమ్మల్ని పట్టించుకున్నందుకు సంతోషమే. కానీ ప్రతి ఒక్కరినీ రెండే సంగతులు అడిగి వదిలేశారు. వ్యూస్ ఎన్ని, సినిమాలో అవకాశం ఎప్పుడు. ఆ పాటలకు బీట్, అంటే మాటల వెనక మోగే సంగీతం, ఎవరు చేశారో ఒక్కచోటా లేదు. రికార్డింగు ఎవరి సొంతమో అసలే లేదు. నేనూ ఆ బాపతు మనిషినే. అమెరికాలో ఉంటాను, తెలుగులో ర్యాప్ రాస్తాను, వెనకాల ఏ లేబులూ, అంటే పాటలు విడుదల చేసే కంపెనీ, లేదు. మా లెక్కలు వేరే ఉంటాయని చెప్పాలనిపించి రాస్తున్నాను. వీసా వ్యవహారం నడుస్తోంది కాబట్టి నా పేరు మాత్రం వేయకండి.

నేను ఇక్కడికి వచ్చింది హెచ్‌-4 మీద, అంటే హెచ్‌-1బీ ఉద్యోగి భార్యగా. ఆ వీసాతో చదువుకోవచ్చు గానీ ఉద్యోగం చెయ్యకూడదు. స్టేజి ఎక్కి డబ్బు పుచ్చుకున్నా అది పని కిందికే వస్తుంది. చదువుకున్న మనిషి అలా ఇంట్లో కూర్చోవడం ఎలా ఉంటుందో ఇక్కడి తెలుగు ఇళ్లలో విడమరిచి చెప్పక్కర్లేదు. రాయడం అప్పుడే మొదలైంది. మొదట అవి కవితలనే అనుకున్నాను. పైకి చదివితే చప్పగా ఉండేవి. ఒకరోజు ఊరికే డ్రమ్ లూప్ (మళ్లీ మళ్లీ తిరిగే డ్రమ్ముల ముక్క) పెట్టుకుని చదివాను, అవే లైన్లకు ప్రాణం వచ్చింది.

తెలుగులో ర్యాప్ కష్టం కదా అంటుంటారు. కాదండీ, మరీ తేలిక, అదే అసలు చిక్కు. మన మాటలు దాదాపుగా అచ్చుతోనే ముగుస్తాయి కాబట్టి అంత్యప్రాస పిలవకుండానే వచ్చి కూర్చుంటుంది. ‘వెళ్తున్నాను, తింటున్నాను, చూస్తున్నాను’ అంటూ పేజీలు నింపెయ్యొచ్చు. రెండో లైనుకే వినేవాడికి విసుగొస్తుంది. నన్ను గట్టెక్కించింది మన పద్యమే. పద్యంలో ప్రాస పాదం చివర ఉండదు, రెండో అక్షరంలో ఉంటుంది. దాన్ని అలాగే ర్యాప్ బార్‌లోకి, అంటే తాళం ఒక చుట్టు తిరిగేంత లైనులోకి, తెచ్చి చూశాను. నాలుగు బీట్ల (ఇక్కడ బీటంటే తాళంలో ఒక దెబ్బ) బార్‌లో స్నేర్ డ్రమ్ము మామూలుగా రెండో బీటు మీదా నాలుగో బీటు మీదా పడుతుంది. సరిగ్గా అక్కడికి ఒక ద్విత్వం వచ్చేలా మాటని జరపాలి. దెబ్బ, గట్టు, చిక్కు, అట్లాంటివి. అప్పుడు డ్రమ్మూ నాలుకా ఒకేసారి కొడతాయి. నిమిషానికి 90 బీట్ల వేగంలో 16 బార్ల వర్స్ (మన చరణం లాంటిది) అంటే 43 సెకన్లు కూడా ఉండదు. అంతలో ఊపిరి ఎక్కడ పీల్చాలో రాసేటప్పుడే చూసుకోవాలి. నా నోటుబుక్కులో ఎర్ర గీతలన్నీ ఊపిరి గుర్తులే. రికార్డింగు బట్టల క్లోజెట్‌లో, చలికోట్ల మధ్య. గొంతు గోడకి కొట్టుకుని తిరిగి రాకుండా ఆ కోట్లు పీల్చేసుకుంటాయి. హీటర్ తిరుగుతున్నంతసేపూ మాత్రం ఏమీ చెయ్యలేం, ఆ హోరు టేక్‌లోకి దిగిపోతుంది.

‘మనది కానిది నీకెందుకే’ అని అడిగే పెద్దవాళ్లు ఉన్నారు. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, 1520 సెడ్జ్‌విక్ ఎవెన్యూ అపార్ట్‌మెంట్ల కింద ఒక హాల్లో జరిగిన పార్టీని హిప్ హాప్ (ర్యాప్ ఇందులో భాగమే) పుట్టినరోజుగా చెప్పుకుంటారు. ఆ రోజు రికార్డులు తిప్పిన డీజే కూల్ హెర్క్ జమైకాలో పుట్టి 12 ఏళ్లప్పుడు అమెరికా వచ్చినవాడు. పార్టీ పెట్టింది వాళ్ల చెల్లెలు సిండీ క్యాంప్‌బెల్, బడి తెరిచేనాటికి కొత్త బట్టలు కొనుక్కోవాలని. ఆడపిల్లలకు టిక్కెట్టు 25 సెంట్లు, మగపిల్లలకు 50. (డీజే పేరు అందరికీ గుర్తుంటుంది, డబ్బు లెక్క చూసుకున్న పిల్ల పేరు ఎవరూ చెప్పరు.) అంటే ఇందులో వలస మొదటి రోజు నుంచీ ఉంది. అయినా ఇది ముందు ఆ బ్రాంక్స్ నల్లజాతి, లాటినో పిల్లల సొత్తు. వాళ్ల యాసని అరువు తెచ్చుకుని, వాళ్ల కష్టాలు మనవన్నట్టు నటించే తెలుగు ర్యాప్ వింటే నాకు ఒళ్లు మండుతుంది. మన కష్టాలు మనకి లేవా?

మా కష్టం కాగితాలది. 2015లో వచ్చిన నిబంధన వల్ల, భర్త గ్రీన్‌కార్డు దారిలో ఐ-140 (ఆయన కోసం కంపెనీ పెట్టే దరఖాస్తు) ఆమోదం పొందితే హెచ్‌-4 భార్య పని అనుమతి కార్డుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. నాకూ అలాగే వచ్చింది. ఆ కార్డుకి ఫలానా కంపెనీ అని కట్టుబాటు లేదు, సొంతంగా ఏ పనైనా చేసుకోవచ్చు. తమాషా చూడండి, మా ఆయన కీబోర్డు నాకంటే పెద్ద విద్వాంసుడిలా వాయిస్తాడు. కానీ హెచ్‌-1బీ కాబట్టి తన కంపెనీ జీతం తప్ప షోకి ఒక్క డాలరు తీసుకోకూడదు. ‘డిపెండెంట్’ అని ముద్ర ఉన్న నేను తీసుకోవచ్చు. అదీ కార్డు గడువు ఉన్నన్నాళ్లే. 2025 అక్టోబరు 30 నుంచి రెన్యువల్‌కి దరఖాస్తు చేస్తే పాత కార్డు గడువు దానంతటదే పెరిగే వెసులుబాటు కూడా తీసేశారు. కొత్తది చేతికి రాకముందే పాతది అయిపోతే ఒప్పుకున్న షో వదులుకోవాల్సిందే. నా క్యాలెండర్‌లో షో తేదీల కంటే ముందు ఆ గడువు తేదీ రాసుకుంటాను.

ఇక డబ్బు సంగతి. లేబులు లేనివాళ్లం పాటని డిస్ట్రిబ్యూటర్ ద్వారా అన్ని యాప్‌లలో పెడతాం. స్పాటిఫైలో 2024 నుంచి, గడిచిన 12 నెలల్లో 1000 స్ట్రీములు దాటని పాటకు రికార్డింగు రాయల్టీ లేదు. కొత్తవాళ్ల పాటలు ఎన్నో ఆ గీత కిందే ఉండిపోతాయి. అయితే అమెరికాలో ఇంటర్నెట్ రేడియో డబ్బును వసూలు చేసే సౌండ్‌ఎక్స్‌ఛేంజ్ అనే సంస్థ దాన్ని పంచే పద్ధతి వేరు. రికార్డింగు సొంతదారుకి 50 శాతం, ప్రధాన కళాకారుడికి 45, మిగతా వాద్యకారులకూ గాయకులకూ 5. రికార్డింగు నాదే అయితే మొదటి రెండు వాటాలూ నావే. లేబుల్‌కి రాసిచ్చేస్తే పెద్ద వాటా వాళ్లది. చేతికొచ్చేది చిన్న మొత్తమే కావచ్చు, ఏది నా పేరున ఉంది అన్నదే నాకు ముఖ్యం. అందుకే బీట్ చేసే కుర్రాడితో ఎవరి వాటా ఎంతో పాట బయటికి రాకముందే కాగితం మీద పెట్టుకుంటాను. స్నేహితుల మధ్య కాగితాలేమిటి అంటారు. స్నేహం నిలవాలనే.

ఇక్కడి ఒక తెలుగు సంఘం వాళ్లు నన్ను పిలిచి పాడించారు. సౌండ్ వాళ్లకు, లైట్ల వాళ్లకు చెక్కులిచ్చారు. నాకు ‘మన అమ్మాయివే కదా, నలుగురికీ తెలుస్తావు’ అని జ్ఞాపిక ఇచ్చారు. తర్వాత వాళ్ల ప్రచారం వీడియోలో నా వర్సే వినిపించింది. నా పేరూ లేదు, బీట్ చేసినవాడి పేరూ లేదు. అడిగితే ‘పబ్లిసిటీయే కదమ్మా’ అన్నారు.

నా కోరికలు అడిగితే ఇవే. ఒక పూర్తి తెలుగు ఆల్బమ్, ప్రతి రికార్డింగూ నా పేరున ఉండేలా. తెలుగు ముక్క రానివాళ్లు నిండిన చిన్న క్లబ్బులో, ఆ ద్విత్వాల మీద వాళ్ల తలలు ఊగేలా ఒక షో. మా ఆయనకి గ్రీన్‌కార్డు వచ్చిన రోజున ఆయన్ని నా పక్కన కూర్చోబెట్టి, ఆయన వాటా ఆయన చేతికివ్వడం. సినిమా వాళ్లు పిలిస్తే వెళ్తాను, మంచి పనే, డబ్బూ వస్తుంది. కానీ ఆ రికార్డింగు నాది కాదు.

మీరు మళ్లీ మా మీద వ్యాసం వేస్తే ప్రతి పాట కిందా మూడు వివరాలు ఇవ్వండి. రాసిందెవరు, బీట్ ఎవరిది, రికార్డింగు ఎవరి సొంతం. ఈ ప్రశ్నలకు చప్పున జవాబు చెప్పలేని ర్యాపర్లు మాలో చాలామంది ఉన్నారు. మీ విలేకరి అడిగితే వాళ్లూ వెళ్లి తమ కాంట్రాక్టులు తీసి చదువుకుంటారు. వ్యూస్ ఎన్నో ఆ తర్వాత అడగండి.

ఇట్లు,
అమెరికా నుంచి మీ పాఠకురాలు