వేలెడంత బ్యాటరీ డోర్ కోసం ఐదు నెలలుగా తిరుగుతున్నాను

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: 2021లో కొన్న యాక్షన్ కెమెరాకి బ్యాటరీ డోర్ దొరకకపోవడం గురించి.

నమస్కారమండీ. మీ చాట్‌లో నాలుగుసార్లు, ఫోన్లో మూడుసార్లు చెప్పిన సంగతే మళ్ళీ రాస్తున్నాను. ప్రతిసారీ కొత్త మనిషి వస్తున్నారు, ప్రతిసారీ సీరియల్ నంబర్ మొదటినుంచీ అడుగుతున్నారు, చివరికి వచ్చే జవాబు మాత్రం ఒకటే: "ఆ పార్టు స్టాక్‌లో లేదు సార్, కొత్త మోడల్ మీద మీకు డిస్కౌంట్ ఇస్తాం." నాకు కొత్త కెమెరా వద్దండీ. ఉన్నది బాగానే పనిచేస్తోంది. దానికి డోర్ కావాలి, అంతే.

నాది విశాఖపట్నం. రుషికొండ బీచ్‌లో స్కూబా డైవింగ్‌కీ కయాకింగ్‌కీ వచ్చేవాళ్ళకి వీడియోలు తీసిస్తుంటాను, మధ్యలో ప్రీ వెడ్డింగ్ షూట్లు ఉంటే భీమిలి, అరకు వెళ్తాను. మీ కెమెరాతోనే నాలుగేళ్ళుగా మా ఇల్లు గడుస్తోంది. దాన్ని ఎలా చూసుకున్నానో మీకు తెలియాలి. ప్రతి డైవ్ తర్వాత బకెట్ మంచినీళ్ళలో అరగంట నానబెడతాను, ఆరాక మెత్తటి బ్రష్‌తో అంచుల్లో ఇసుక రేణువులు తీస్తాను, ఆ తర్వాతే డోర్ తెరుస్తాను. ఉప్పుగాలికి మా ఊళ్ళో ఇంటి గేట్లే తుప్పు పడతాయి, ఈ కెమెరా మీద మాత్రం ఇప్పటికీ ఒక్క మరక లేదు.

చాట్‌లో కూర్చున్నవాళ్ళలో ఎంతమంది ఆ డోర్‌ని చేత్తో పట్టుకుని చూశారో నాకు తెలీదు కాబట్టి అదేంటో చెబుతాను. కెమెరా పక్కన వేలెడంత మూత. లోపలి అంచు చుట్టూ సేమ్యా అంత సన్నటి రబ్బరు రింగు ఉంటుంది. మూత మూసి చిన్న మీటని పక్కకి నెడితే లోపల కొక్కెం పడి టిక్ మంటుంది. ఆ టిక్ చెవికి వినపడితేనే నేను నీళ్ళలోకి దిగుతాను, అది నా అలవాటు. మే నెలాఖరులో ఒకరోజు పడవలో బ్యాటరీ మార్చి మూస్తుంటే టిక్‌కి బదులు పట్‌మని విరిగిన చప్పుడు వచ్చింది. చూస్తే కొక్కెం కొన విరిగి నా అరచేతిలో ఉంది, గోరులో సగం కూడా లేదు. అదృష్టం, నీళ్ళలో ఉండగా విరగలేదు. లోపలికి చుక్క పోలేదు, లెన్సు బాగుంది, స్క్రీన్ బాగుంది, సెన్సార్ బాగుంది.

జగదాంబ సెంటర్ దగ్గర కెమెరాలు బాగుచేసే పెద్దాయన ఉన్నారు, మా నాన్న కాలం నుంచీ మాకు ఆయనే. భూతద్దం పెట్టుకుని చాలాసేపు చూశారు. "అతికించొచ్చు బాబూ, కానీ ఇది నీళ్ళలోకి పోయే సరుకు. నేను అతికించింది నువ్వు దిగాక ఊడితే ఆ పాపం నాకెందుకు? కంపెనీ డోరు తెప్పించు, నిమిషంలో వేసిస్తా" అన్నారు. డబ్బు ఇస్తే తీసుకోలేదు. పోనీ అని ఆన్‌లైన్‌లో దొరికే డూప్లికేట్ డోర్ ఒకటి తెప్పించాను. మూశాక ఒక మూల రబ్బరు తేలి ఉంది, సందులో కాగితం ముక్క దూర్చితే దూరింది. దాన్ని నమ్మి ఎవరు దిగుతారండీ? మీ కొత్త మోడల్ డోర్ అయినా పడుతుందేమో అని షాపుకెళ్ళి పెట్టి చూశాను, కొంచెం పెద్దది. ఏటా ఒక మోడల్ తెస్తున్నారు, ఏటా డోర్ కొలత మారుస్తున్నారు, పాత కొలత డోర్లు తయారుచేయడం ఆపేస్తున్నారు. నా అసలు ఫిర్యాదు ఇదే.

ఇంకో మాట కూడా మీకు చెప్పాలి. ఇప్పటికీ నా దగ్గరికి వచ్చే కుర్రాళ్ళు నా చేతిలో ఏ కెమెరా ఉన్నా "అన్నా, గోప్రోతో తీస్తావా?" అనే అడుగుతారు. వనస్పతి అంతా డాల్డా అయినట్టు ఈ కెమెరాలన్నీ గోప్రోలే అయ్యాయి. నిక్ వుడ్‌మన్ అనే ఆయన సర్ఫింగ్ పిచ్చితో 2002లో పెట్టిన కంపెనీ అది. 2004లో వచ్చిన వాళ్ళ మొదటి కెమెరా డిజిటల్ కూడా కాదు, 35 ఎంఎం రీలు వేసి చేతికి కట్టుకునేది. 2014 జూన్‌లో షేరు 24 డాలర్లకి మార్కెట్‌లోకి వచ్చింది, కొన్ని నెలల్లోనే 90 దాటింది. అదే షేరు 2025లో ఒక్క డాలరు కన్నా కిందికి పడిపోయింది. మీరు కూడా ఈ కెమెరాల వ్యాపారంలోనే ఉన్నారు కాబట్టి ఇదంతా నాకన్నా మీకే బాగా తెలుసు, కానీ తెలిసినవాళ్ళు చేసే పని మీరు చేయట్లేదని నా బాధ.

వాళ్ళు ఊరికే పడిపోలేదు. ఫోన్లే నీళ్ళకి తట్టుకుంటూ మంచి వీడియో తీయడం మొదలుపెట్టాయి, అది వాళ్ళ చేతిలో లేని పని. కానీ చేతిలో ఉన్నవీ చేజార్చుకున్నారు. హీరో4 సెషన్ అనే కెమెరాని 2015 జూలైలో 399 డాలర్లకి తెచ్చి, అదే డిసెంబర్‌కల్లా 199కి దించుకోవాల్సి వచ్చింది. తనని తాను తీసుకునేవాడికి ముందువైపు కలర్ స్క్రీన్ ఉండాలన్నది మా బోటివాళ్ళం ఎప్పటినుంచో అనుకుంటున్నదే, దాన్ని చైనా కంపెనీ డీజేఐ 2019 మేలో పెట్టి చూపిస్తే గోప్రో 2020 సెప్టెంబర్‌లో హీరో9తో పెట్టింది. చుట్టూ అన్నివైపులా ఒకేసారి తీసే 360 డిగ్రీల కెమెరాలో ఇంకా ఆలస్యం. 2019లో మ్యాక్స్ తెచ్చినవాళ్ళు దాని తర్వాతి తరం కెమెరాని 2025 దాకా తేలేదు, ఆలోగా ఇన్‌స్టా360 అనే కంపెనీ మోడల్ మీద మోడల్ దించి ఆ కస్టమర్లని తనవైపు తిప్పుకుంది. ఆ సందులోనే మీలాంటి కంపెనీలకీ చోటు దొరికింది. నాలాంటివాళ్ళు మీవైపు వచ్చింది అలాగే.

గోప్రో వాళ్ళ కార్మా డ్రోన్ సంగతి నేను మర్చిపోలేను. 2016 సెప్టెంబర్‌లో ప్రకటించారు, ఎనిమిది రోజులకే డీజేఐ తన మావిక్ ప్రో డ్రోన్‌ని ప్రకటించింది. అక్టోబర్ 23న కార్మా అమ్మకాలు మొదలయ్యాయి. నవంబర్ 8న, అంటే పదహారు రోజులకే, గాల్లో ఉండగా కరెంటు ఆగి కొన్ని పడిపోతున్నాయని సుమారు 2,500 డ్రోన్లని వెనక్కి పిలిచారు. కారణం ఏంటో తెలుసా మీకు? బ్యాటరీని పట్టి ఉంచే లాచ్, అంటే కొక్కెం. మోటార్లు బాగున్నాయి, కెమెరా బాగుంది, బ్యాటరీని బిగించి పట్టుకోవాల్సిన చిన్న లాచ్ సరిగ్గా పట్టుకోలేదు. 2017 ఫిబ్రవరిలో ఆ లాచ్ మార్చి మళ్ళీ అమ్మకానికి పెట్టారు గానీ అప్పటికే పుణ్యకాలం గడిచిపోయింది. 2018 జనవరిలో డ్రోన్ల వ్యాపారమే మూసేస్తున్నామని చెప్పారు, వందల మంది ఉద్యోగాలు పోయాయి. అయినా ఒక్క విషయంలో వాళ్ళని మెచ్చుకోవాలి. 2016లో డ్రోన్లని వెనక్కి పిలిచినప్పుడు కొన్నవాళ్ళందరికీ పూర్తి డబ్బు తిరిగిచ్చారు. నేను మిమ్మల్ని అంత అడగట్లేదు కదా, అలాంటి కొక్కెమే ఇంకొకటి, డబ్బుకే ఇవ్వమంటున్నాను.

మా నాన్న పూర్ణా మార్కెట్ దగ్గర ఫోటో స్టూడియో నడిపారు. ఆయనకి రీలంటే కొడాక్, వేరేది అరువిచ్చినా తీసుకునేవారు కాదు. డిజిటల్ కెమెరాని 1975లో కొడాక్ ఇంజనీర్ స్టీవ్ సాసన్ తయారుచేశాడనీ, అయినా కంపెనీ రీళ్ళ మీద వచ్చే లాభం చూసుకుని దాన్ని ముందుకు తోయలేదనీ, 2012 జనవరిలో కోర్టుకెళ్ళి దివాలా పిటిషన్ వేసిందనీ నేనే నాన్నకి చదివి వినిపించాను. ఆయన ఆ రోజు భోజనం దగ్గర కూడా మాట్లాడలేదు. కానీ చూడండి, అంత పెద్ద కంపెనీ దివాలా తీసినా రోచెస్టర్‌లో రీలు తయారీ ఆగలేదు. 2014లో హుద్‌హుద్ తుఫానుకి మా షాపు రేకులు ఎగిరిపోయి ఆల్బమ్‌లన్నీ తడిసి ముద్దయినా బీరువాలో ఉన్న నాన్న పాత యాషికా కెమెరాకి ఏమీ కాలేదు. అందులో ఇవాళ కొడాక్ రీలు తెచ్చి వేస్తే బొమ్మ పడుతుంది, నేనే వేసి చూశాను. నలభై ఏళ్ళ కెమెరాకి కావాల్సింది ఇవాళ కూడా దొరుకుతోంది. మీ నాలుగేళ్ళ కెమెరాకి దొరకట్లేదు.

కొన్న రోజు షాపులో మీ కంపెనీ టీషర్టు వేసుకున్న అబ్బాయి "స్పేర్స్‌కి ఢోకా లేదన్నా, ఎప్పుడైనా తెప్పించుకోవచ్చు" అన్నాడు. ఆ అబ్బాయిని నేను తప్పుపట్టను, మీరు చెప్పమన్నదే చెప్పి ఉంటాడు. ఆ మాట నమ్మే రెండో కెమెరా కూడా మీదే కొన్నాను. దాని డోర్ కూడా ఎప్పుడు విరుగుతుందో అని ఇప్పుడు ప్రతిసారీ టెన్షన్ పడుతూ మూస్తున్నాను. రెండు కెమెరాలు కావాల్సిన రోజున ఒకటి అద్దెకి తెస్తున్నాను, రోజుకి 800 రూపాయలు. చలికాలం మొదలవుతోంది, మాకు నీళ్ళు తేటగా ఉండేది, నాలుగు డబ్బులు వచ్చేది ఈ కొన్ని నెలలే.

కాబట్టి నేను అడిగేది ఇది. నా మోడల్‌కి పట్టే ఒరిజినల్ డోర్లు రెండు పంపండి, రేటు ఎంతో చెప్తే ముందే కడతాను. నిజంగా మీ దగ్గర ఒక్కటి కూడా లేకపోతే ఆ మాట రాతపూర్వకంగా ఇవ్వండి, దాంతోపాటు డోర్ కొలతలు, రబ్బరు రింగు సైజు ఇవ్వండి, మేమే ఎక్కడైనా చేయించుకుంటాం. అదీ కుదరదంటే ఈ కెమెరా తీసుకుని నీళ్ళలోకి దిగగల సమానమైనది ఇవ్వండి. డిస్కౌంట్ కూపన్ మాత్రం మళ్ళీ పంపకండి, ఇప్పటికి మూడు వచ్చాయి. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెడతాను, అక్కడా తేలకపోతే విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. రిపేరు హక్కు గురించి కేంద్ర ప్రభుత్వమే 2022లో పోర్టల్ పెట్టింది, అందులో మీ పేరు ఉందో లేదో కూడా చూస్తాను. ఇది బెదిరింపు కాదు, నాకు వేరే దారి లేదు.

బిల్లు, వారంటీ కార్డు, విరిగిన కొక్కెం ఫోటోలు మూడు ఈ లేఖతో పంపుతున్నాను. డోర్ నలుపుదే కావాలని లేదు, ఏ రంగుదైనా పర్వాలేదు. రబ్బరు రింగు మాత్రం కొత్తది వేసి పంపండి. చిరునామా మీ రికార్డులో ఉన్నదే, మారలేదు.

ఇట్లు,
మీ కెమెరాలు రెండు కొన్న కస్టమర్,
రుషికొండ, విశాఖపట్నం