1966 సినిమాల లిస్టు, మా పర్లాకిమిడి నుంచి ఒక మాట

సంపాదకులు గారికి నమస్కారం.

1966కి అరవై ఏళ్లు అయిందని మొన్న ఆదివారం మీ పత్రికలో ఆ ఏడాది ముఖ్యమైన సినిమాలంటూ ఐదు పేర్లు వేశారు, పాఠకుల అభిప్రాయం రాయమన్నారు. అందుకే రాస్తున్నాను, కొంచెం పొడుగవుతుంది, కోసేయకుండా వేస్తారని ఆశ. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది, కాబట్టి మాట్లాడినట్టే రాస్తాను, ఏమీ అనుకోకండి.

మీ ఐదు పేర్లు శ్రీకృష్ణ పాండవీయం, శ్రీకృష్ణ తులాభారం, పరమానందయ్య శిష్యుల కథ, పిడుగు రాముడు, లేత మనసులు. అన్నీ మంచి సినిమాలే, మా ఇంట్లో అందరూ ఒకటికి రెండుసార్లు చూసినవే. కానీ ఐదింట్లో నాలుగు రామారావు గారివే అయ్యాయంటే అది ఆ ఏడాది లిస్టు కాదండీ, ఆ ఏడాదిలో మనకి గుర్తున్న ముఖం లిస్టు. జనానికి ఇష్టమైన సినిమా వేరు, ముఖ్యమైన సినిమా వేరు. ఒక సినిమా వచ్చాక తర్వాత తీసేవాళ్ల దారి ఏమైనా మారిందా, అంతకు ముందు తెర మీద లేనిది ఏదైనా వచ్చిందా, అది చూడాలి కదా. లేత మనసులు చూసి మా అమ్మ ఇప్పటికీ ఏడుస్తుంది, చిన్నపిల్ల కుట్టి పద్మిని కవలల రెండు వేషాలూ అలా వేసింది మరి, కానీ అది తమిళంలో ముందే ఏవీఎం వాళ్లు తీసిన కథ. అమ్మకి ఇష్టం అని నేను ముఖ్యం అనలేను, ఆ మాట అమ్మతోనే అన్నాను, రెండ్రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

శ్రీకృష్ణ పాండవీయం మాత్రం లిస్టులో ఉండాల్సిందే, కారణం వేరే. రామారావు గారు డైరెక్షన్ చేస్తూ కృష్ణుడూ ఆయనే, సుయోధనుడూ ఆయనే వేశారు. సుయోధనుణ్ణి ఊరికే విలన్‌లా కాకుండా ఒక మనిషిలా చూడటం మన సినిమాలో అక్కడ గట్టిగా మొదలైంది, అదే పెరిగి పెద్దదై 1977లో దానవీరశూరకర్ణలో కనిపిస్తుంది. ఇలాంటి కారణం ఒక్క లైనైనా రాసుంటే బాగుండేది, మీ పేజీలో పేర్లున్నాయి గానీ ఎందుకు అన్నది లేదు.

ఇప్పుడు అసలు బాధ చెప్తాను. మీ లిస్టులో రంగులరాట్నం లేదు. ఎలా ఒగ్గేశారండీ? బి.ఎన్.రెడ్డి గారు తీసిన ఆఖరి సినిమాకి ముందు సినిమా అది, ఆ తర్వాత 1969లో బంగారు పంజరం ఒక్కటే తీశారు. ఊళ్లో ఉన్నది పోగొట్టుకున్న కుటుంబం పట్నం చేరడం, పిల్లలు ఎదగడం, చివరికి ఎన్నికల రాజకీయం ఇంట్లోకే వచ్చి అన్నదమ్ముల మధ్య నిలబడటం, ఇదంతా అరిచి గీపెట్టకుండా చెప్తారు. చంద్రమోహన్ గారి మొదటి సినిమా అదే. ఆ ఏడాది తెలుగులో ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు దానికే వచ్చింది. అవార్డు వచ్చింది కాబట్టి గొప్పది అనట్లేదు, అవార్డు పక్కన పెట్టి ఇవాళ చూసినా నిలబడుతుంది, ఎలక్షన్ల టైంలో అయితే ఇంకా బాగా నిలబడుతుంది.

అదే అవార్డుల జాబితాలో కింద ఇంకో పేరుంది. ఒడియాలో ఉత్తమ చిత్రం మాటిర మణిష, అంటే మట్టి మనిషి. కాళిందీ చరణ్ పాణిగ్రాహి గారి నవల, తీసింది బెంగాల్ నుంచి వచ్చిన మృణాల్ సేన్. అందులో కూడా అన్నదమ్ములే. పెద్దవాడు బరజు ఇల్లు ముక్కలు కాకూడదంటాడు, చిన్నవాడు ఛకడి తన వాటా తనకి కావాలంటాడు. ఒకే ఏడాది, ఒకవైపు మద్రాసులో కూర్చుని బి.ఎన్.రెడ్డి గారు, ఇంకోవైపు ఒడిశా పల్లెలో కెమెరా పెట్టి మృణాల్ సేన్, ఇద్దరూ ఒకే గాయం మీద వేలు పెట్టారు, ఉమ్మడి కుటుంబం విరిగిపోవడం మీద. ఈ రెండు సినిమాల్నీ పక్కపక్కన పెట్టి చూడగలిగేది ఎవరండీ, మా ఊరివాళ్లం తప్ప? మాది ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజార్లో రెండూ. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రం అయినప్పుడు మా ఊరు ఇటు వచ్చింది, మా చుట్టాల ఊళ్లు సగం అటు ఉండిపోయాయి, ఒడియాలో మొట్టమొదటి సినిమా సీతా బిబాహ వచ్చింది కూడా ఆ ఏడాదే. అప్పట్నుంచీ రెండు తెరలూ మావే అనుకుంటున్నాం. మీ పత్రిక మా గజపతి జిల్లాకీ వస్తుంది, రాయగడకీ బరంపురానికీ వస్తుంది, మరి లిస్టు వేసేటప్పుడు మేం చూసే రెండో తెర గుర్తుకు రాకపోతే ఎలా.

మాటిర మణిష నేను చూసింది చిన్నప్పుడు దూరదర్శన్‌లో, ఆదివారం మధ్యాహ్నం ప్రాంతీయ భాషల సినిమాలు వేసేవాళ్లు కదా, అందులో. సగంలో కరెంటు పోయింది. మిగతా సగం చూడ్డానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఇంకో సంగతి, ఏడాది అంటే ఏ ఏడాది అన్నది కూడా తేల్చుకోవాలి. మా నాన్నగారికి బట్టల కొట్టు ఉండేది, చూసిన ప్రతి సినిమా పేరూ కొట్టు చిట్టా పుస్తకం వెనక పేజీల్లో రాసుకునేవారు, తేదీ, టిక్కెట్టు ఖరీదు, ఎవరితో వెళ్లారో, అంతే, బాగుందా లేదా అని ఒక్క ముక్క ఉండదు. అందులో రంగులరాట్నం ఎదురుగా ఉన్న తేదీ 1968 ఫిబ్రవరిది. అప్పుడు ప్రింట్లు తక్కువ, పెద్ద ఊళ్లలో ఆడి ఆడి గీతలు పడ్డాక గానీ సినిమా బాక్సు మా వైపు వచ్చేది కాదు, నౌపడా నుంచి చిన్న రైల్లో బాక్సు దిగిందంటే ఊరంతా తెలిసిపోయేదట. కాబట్టి మా నాన్నకి అది 1968 సినిమా. ఇలాంటి తికమక ఊళ్ల వల్లే కాదు అవార్డుల వల్ల కూడా ఉంది, శంకరాభరణం హాళ్లకి వచ్చింది 1980 ఫిబ్రవరిలో, జాతీయ అవార్డుల్లో మాత్రం 1979 లెక్కలో ఉంటుంది. అందుకని నా మాట ఏంటంటే మొదట విడుదలైన తేదీనే పట్టుకోండి, కానీ పక్కన ఒక చిన్న గడి పెట్టి పాఠకులు ఏ ఊళ్లో ఎప్పుడు చూశారో అడగండి. అప్పుడు సినిమా చరిత్ర మద్రాసు స్టూడియోల చరిత్ర ఒక్కటే కాకుండా చూసిన జనం చరిత్ర కూడా అవుతుంది.

ఇక మిగతా పేర్లు. ఆత్మగౌరవం పెట్టకపోతే నాకు నిద్ర పట్టదు, కె.విశ్వనాథ్ గారు డైరెక్టర్‌గా తీసిన మొదటి సినిమా అది, ఆయన తర్వాత ఏం చేశారో అందరికీ తెలుసు, మొదటి అడుగు పడిన ఏడాదిని మర్చిపోతే ఎట్లా. సంగీతం సాలూరి రాజేశ్వరరావు గారు, రంగులరాట్నానికి కూడా ఆయనే, అక్కడ బి.గోపాలం గారితో కలిసి చేశారు. ఆయన పుట్టింది సాలూరు దగ్గర శివరామపురం, సాలూరు దాటి ఘాట్ ఎక్కితే సుంకి, అక్కణ్ణుంచి కోరాపుట్, అంటే మా సరిహద్దు గాలి పీల్చిన మనిషే. ఆ ఏడాది మంచి సినిమాల్లో ఆయన చెయ్యి ఇన్నిచోట్ల ఉంది అన్నది మా వైపు పిల్లలకి ఎవరూ చెప్పట్లేదు. గూఢచారి 116 కూడా ఉండాలి. దాన్ని గొప్ప కళాఖండం అనను, కానీ తెలుగులో గూఢచారి సినిమా అనే దారి వేసింది అదే, కృష్ణ గారికి ఆ ఇమేజ్ ఇచ్చింది కూడా అదే. నా ఐదూ ఇవి: రంగులరాట్నం, మాటిర మణిష, ఆత్మగౌరవం, శ్రీకృష్ణ పాండవీయం, గూఢచారి 116. మొదటి రెండింటి వరస మీద నాతో ఎవరైనా వాదించొచ్చు, ఆ రెండూ లిస్టులో ఉండక్కర్లేదు అంటే మాత్రం ఒప్పుకోను.

వాదించాలంటే ముందు చూడాలి కదా, అక్కడే వస్తోంది చిక్కు. మేం చూస్తున్నది ఫోన్లో, ఎవరో టీవీ నుంచి రికార్డు చేసి పెట్టినవి, మధ్యలో రీళ్లు ఎగిరిపోయి, పాటలు కత్తిరించేసి, అంచులు కోసేసి ఉంటాయి. ఆ కాలం ఫిల్ము అసిటేట్‌ది, వేడికీ తేమకీ పాడైపోతుంది, డబ్బా మూత తీస్తే వెనిగర్ వాసన గుప్పుమంటుంది, తర్వాత ఫిల్ము ముడుచుకుపోయి మిషన్ మీద ఎక్కదు. పూణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ 1964లోనే పెట్టారు, అయినా మన సినిమాలు ఎన్ని మంచి ప్రింట్లతో ఉన్నాయో మామూలు జనానికి తెలియదు. నీరద్ మహాపాత్ర గారి మాయా మిరిగ అని 1984 ఒడియా సినిమా ఒకటుంది, పాడైపోయిన నెగటివ్ బాగుచేసి 2024లో ఇటలీలోని బొలోన్యాలో చూపించారు. అంటే చేస్తే అవుతుంది. రంగులరాట్నానికీ మాటిర మణిషకీ అలా జరిగితే మా ఊళ్లో ఒక ఆదివారం పొద్దున్న ఒకటి, సాయంత్రం ఒకటి వేసుకుంటాం, హాలు నిండుతుంది, పూచీ నాది.

అప్పటిదాకా మీ పత్రిక చేయగలిగిన పని ఒకటుంది. అభిప్రాయాలు అడగటం ఆపి వస్తువులు అడగండి. అప్పుడు హాల్లో అమ్మిన పాటల పుస్తకాలు, రిక్షా మీద మైకు పెట్టుకుని పంచిన కరపత్రాలు, పోస్టర్ ముక్కలు, ఇవన్నీ మా వైపు ట్రంకు పెట్టెల్లో ఇంకా ఉన్నాయి, వాటి మీద హాలు పేరు, తేదీ ఉంటాయి, ఎవరి జ్ఞాపకం తప్పైనా అవి తప్పు చెప్పవు. మా నాన్న చిట్టాలో 1966 నుంచి 1970 దాకా ఉన్న పేజీలు ఫోటో తీసి ఈ ఉత్తరంతో పంపుతున్నాను, ఒరిజినల్ మాత్రం ఇవ్వలేను. పర్లాకిమిడి, గుణుపురం, కాశీనగర్ వైపు ఎవరి దగ్గరైనా మాటిర మణిష పాటల పుస్తకం గానీ కరపత్రం గానీ ఉంటే మీ ఆఫీసుకి కబురు చేయమని ఒక లైను వేయండి, నేనే వాళ్లింటికి వెళ్లి ఫోటో తీసుకుని వస్తాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా