చిరంజీవి సుధకు

చిరంజీవి సుధకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ మేమందరం క్షేమం. నంద్యాలలో ఎండలు అప్పుడే ముదిరాయి. బాబాయి వాళ్ళ స్థలం తగాదా ఒక కొలిక్కి వచ్చింది. నువ్వు ఫోను చేసి ఇరవై రోజులైంది. పని ఒత్తిడి ఉంటుందని తెలుసు కనుక దాని గురించి ఏమీ అనను.

మొన్న శేషు వచ్చాడు. ఢిల్లీలో ఎవరి పెళ్ళిలోనో నిన్ను చూశానని, బాగానే ఉన్నావని చెప్పాడు. మాటల మధ్యలో నువ్వు తందూరీ రొట్టెలు రెండు వేసుకున్నావని, అడిగితే గోధుమ, బార్లీలలో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తును అరిగించే మాత్ర వేసుకున్నాను, ఏమీ కాదు అన్నావని కూడా చెప్పాడు. ఆ రాత్రి అమ్మ భోజనం చెయ్యకుండా పడుకుంది. వంటింట్లోకి ఆ మాట వినబడే ఉంటుంది.

ఆ మాత్రల గురించి మన డాక్టరు గారిని అడిగాను. అవి కడుపులో కొంత గ్లూటెన్‌ను విరగ్గొడితే విరగ్గొట్టవచ్చు గాని, నీకులాగా సీలియాక్, అంటే గ్లూటెన్ పడక చిన్నపేగు దెబ్బతినే జబ్బు, ఉన్నవాళ్ళు వాటిని నమ్ముకుని గోధుమ తినవచ్చునని ఎక్కడా రుజువు కాలేదని, ఈ జబ్బుకు పథ్యాన్ని మించిన మందు ఇంకా రాలేదని ఆయన చెప్పారు. నొప్పేమీ రాలేదు నాన్నా అంటావు. నీకు నొప్పి ఎప్పుడు వచ్చింది తల్లీ? ఒక్కనాడూ కడుపునొప్పి అనకుండానే నాలుగేళ్ళు రక్తహీనతకు ఐరన్ మాత్రలు మింగావు. గోధుమ తక్కువగా తినే మన వైపు ఈ జబ్బు అరుదు కనుక చూసినవారికి తట్టలేదు. హైదరాబాదులో ఎండోస్కోపీ చేసి చిన్నపేగు లోపలి పొర ముక్క తీసి చూస్తే తప్ప, అక్కడి వేళ్ళవంటి కణజాలం అరిగి చదునైపోయిన సంగతి బయటపడలేదు.

పిండిమర సంగతి నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. నువ్వప్పుడు పరీక్షల చదువులో ఉన్నావు. జబ్బు సంగతి తెలియగానే ఇంట్లో చపాతీలు మానేశాం, సేమ్యా, బొంబాయి రవ్వ పక్కింటికి ఇచ్చేశాం. డబ్బా మీద సన్నని అక్షరాలలో గోధుమ పిండి అని ఉండటం చూసి అమ్మ ఇంగువ కూడా మార్చింది. అయినా ఎనిమిది నెలల తర్వాత గ్లూటెన్ ఇంకా లోపలికి వెళుతోందేమో చూసే టీటీజీ అనే రక్తపరీక్షలో 180 ఉన్నది 140కే దిగింది. ఎక్కడో లోపలికి వెళుతూనే ఉంది, వెతకండి అన్నారు డాక్టరు గారు. అమ్మ తప్పంతా తనదేనని వారం రోజులు డబ్బాలు కడిగింది, పెనం మార్చింది. చివరకు ఒకరోజు జొన్నలు తానే మరకు తీసుకువెళ్ళింది. ముందున్నాయన గోధుమలు ఆడించుకుని వెళ్ళాడు. మర ఆపి ఉండగా అమ్మ దాని నోటికి కట్టిన గుడ్డ గొట్టాన్ని చేత్తో తట్టింది. గుప్పెడు గోధుమ పిండి ఆమె అరచేతిలో రాలింది. నెలల తరబడి నీ జొన్న రొట్టెలలోకి వచ్చింది అదేనన్నమాట. జొన్నలు అక్కడే వదిలేసి, ఆ పిండిని పిడికిట్లో పట్టుకుని ఎండలో నడిచి వచ్చి, వరండాలో నా ముందు చెయ్యి తెరిచింది. మరుసటి వారమే ఇంట్లోకి చిన్న మర కొన్నాం. ఏడాది తిరిగేసరికి అంకె మామూలు స్థాయికి వచ్చింది, నీ బుగ్గలకు రంగు వచ్చింది. మరలో మిగిలిన పిండే అంత పని చేసినప్పుడు రెండు రొట్టెలు ఏం చేస్తాయో నువ్వే ఆలోచించు.

విల్లెమ్ డికే అనే డచ్చి పిల్లల వైద్యుడికి గోధుమ మీద అప్పటికే అనుమానం ఉండేది. హాలండులో 1944-45 చలికాలపు కరువులో రొట్టె దొరకనప్పుడు ఈ జబ్బున్న పిల్లలు కోలుకోవడం, రొట్టె రాగానే మళ్ళీ క్షీణించడం ఆయన అనుమానాన్ని గట్టిపరిచింది. పిల్లలకు రొట్టె దొరకడం సంతోషించవలసిన సంగతి, ఆ పిల్లలకు మాత్రం అదే చేటైంది. ఇది చదివినప్పటి నుంచి నాకు నువ్వే గుర్తుకు వస్తున్నావు.

సలహాలు రాయకూడదనే కూర్చున్నాను. అయినా డిసెంబరులో చేయించవలసిన రక్తపరీక్ష నువ్వు చేయించుకోలేదు. దానితో పాటు హిమోగ్లోబిన్, విటమిన్ డి, థైరాయిడ్ కూడా చూపించు. ఎముకల సాంద్రత పరీక్ష మళ్ళీ ఎప్పుడు చేయించాలో అడుగు. కాల్షియం మాత్రలు మధ్యలో ఆపకు. బయట తింటే సమోసాలు వేగిన నూనెలో వేయించినవి తినకు. సోయా సాస్‌లో గోధుమ, మాల్ట్ పొడులలో బార్లీ ఉంటాయి. ఓట్స్ పొట్లం మీద గ్లూటెన్ రహితం అని ఉంటేనే కొను, అదీ డాక్టరు సరేనంటేనే. పెళ్ళివాళ్ళు ఏమనుకుంటారో అని మొహమాటపడకు. పెరుగన్నం పెట్టమని అడగడంలో నామోషీ లేదు. రొట్టె మీద మనసు పోయిందని నీ మీద నాకు కోపమూ లేదు, చుట్టూ అందరూ అదే తింటున్న ఊళ్ళో అది ఎంత కష్టమో ఊహించగలను. తిన్నానని నాకు చెప్పు, అంతే. శేషు చెప్పగా వినవలసి రావడమే బాధగా ఉంది.

రేపు పార్సిలు పంపుతున్నాను. జొన్న పిండి రెండు కిలోలు, కొర్రలు, ఇంట్లో దంచిన సాంబారు పొడి ఉంటాయి. పిండి సంచి మూతి అమ్మ రెండు పొరలుగా కుట్టింది, కత్తెరతో కత్తిరించు, పళ్ళతో లాగకు. మీ గదిలో అమ్మాయిల గోధుమ పిండి డబ్బా పక్కన పెట్టకు. అందగానే ఫోను చెయ్యి, ముందు అమ్మతో మాట్లాడు.

మీ నాన్న