ఒకే రిపోర్టు, ఇద్దరు టీచర్లు, రెండు రకాల మార్కులు

సంపాదకుల వారికి నమస్కారం.

పరీక్ష పేపర్లు దిద్దడంలో జరిగే పొరపాట్ల గురించి పత్రికల్లో తరచూ చదువుతుంటాం. కూడికలో తప్పు, దిద్దకుండా వదిలేసిన జవాబు లాంటివి బయటపడితే అందరూ మాట్లాడతారు. విద్యార్థి సొంతంగా ఒక ప్రశ్న ఎంచుకుని, ప్రయోగం చేసి రాసే రిపోర్టుకు మార్కులు ఎలా పడుతున్నాయో మాత్రం ఎవరూ అడగరు. 16 ఏళ్లుగా కెమిస్ట్రీ చెబుతూ అలాంటి రిపోర్టులు దిద్దుతున్నాను. ఆ సంగతి మీ పాఠకులకు చెప్పాలనే ఈ ఉత్తరం.

ఇంటర్నేషనల్ బాకలారియేట్ అనే అంతర్జాతీయ స్కూలు కోర్సులోని కెమిస్ట్రీనే తీసుకోండి. 2025 పరీక్షల నుంచి అమల్లో ఉన్న పద్ధతిలో ఈ రిపోర్టుకు 24 మార్కులు. ప్రయోగాన్ని రూపొందించిన తీరు, డేటా విశ్లేషణ, తేల్చిన ఫలితం, ప్రయోగంలోని లోపాల సమీక్ష అని నాలుగు అంశాలు, ఒక్కోదానికి 6 మార్కులు. రిపోర్టు 3,000 పదాలు దాటకూడదు. ఫైనల్ గ్రేడులో దీని వాటా 20 శాతం. ముందు స్కూల్లో టీచరే దిద్దుతారు, తర్వాత ఆ మార్కులు సరిగ్గా పడ్డాయో లేదో తేల్చడానికి కొన్ని శాంపిల్ రిపోర్టులను మోడరేటర్ అనే బయటి పరిశీలకులు చూస్తారు.

కాగితం మీద పద్ధతి పకడ్బందీగానే ఉంది. లోపాల సమీక్షలో ఏ ప్రయోగానికైనా అతికే లోపాలను ఊరికే పేర్కొంటే 1-2 మార్కులు. ఆ ప్రయోగానికే చెందిన లోపాలను వర్ణిస్తే 3-4. ఏ లోపం ఫలితాన్ని ఎంత దెబ్బతీసిందో కారణంతో వివరిస్తే 5-6. చదివితే ఇంత తేలికా అనిపిస్తుంది. రిపోర్టు చేతిలోకి వచ్చాక అసలు కష్టం మొదలవుతుంది.

ఒక అమ్మాయి పండ్ల రసాన్ని వేర్వేరు ఉష్ణోగ్రతల దగ్గర వేడిచేసి, విటమిన్ సి ఎంత తగ్గిందో అయోడిన్ టైట్రేషన్‌తో, అంటే అయోడిన్ ద్రావణాన్ని కొద్దికొద్దిగా కలుపుతూ ఎంత పట్టిందో చూసే పద్ధతిలో కొలిచింది. భాష అక్కడక్కడా తడబడింది. పట్టికలో ఒకచోట 12.4 అని, ఇంకోచోట 12.40 అని ఉంది. కానీ ద్రావణాన్ని కొలిచి వదిలే గాజు గొట్టమైన బ్యూరెట్‌లో ఒక్కో రీడింగుకు ±0.05 మి.లీ. అనిశ్చితి (అటూ ఇటూ అయ్యే అవకాశం) ఉంటే, రెండు రీడింగుల తేడా తీసినప్పుడు అది ±0.10 అవుతుందని సరిగ్గా లెక్కగట్టింది. చివరి పేజీలో ఇంకో మంచి మాట రాసింది. బీకరుకు మూత పెట్టకుండా వేడిచేయడం వల్ల నీళ్లు ఆవిరై రసం చిక్కబడిందని, అందువల్ల విటమిన్ నష్టం అసలు కన్నా తక్కువగా కనిపించి ఉంటుందని, వేడి పెరిగేకొద్దీ ఈ ప్రభావం కూడా పెరుగుతుందని. లోపం ఏమిటో, అది ఫలితాన్ని ఎటువైపు జరిపిందో, ఎక్కడ ఎక్కువ జరిపిందో మూడూ చెప్పింది. నేను సమీక్షకు 5 వేశాను.

అదే రిపోర్టుకు మా సీనియర్ సార్ 3 వేశారు. దాని పక్కనే ఇంకో రిపోర్టు ఉంది. చక్కటి టైపింగ్, రంగురంగుల గ్రాఫులు. సమీక్షలో మాత్రం మానవ తప్పిదం జరిగి ఉండవచ్చని, ఇంకా ఎక్కువసార్లు ప్రయోగం చేయాలని మాత్రమే ఉంది. దానికి ఆయన 4 వేస్తే నేను 2 వేశాను. మా ఇద్దరి దగ్గరా ఉన్నది ఒకే ప్రమాణాల పత్రం.

ఇద్దరం కూర్చుని ఒక్కో వాక్యం మీద వేలు పెట్టి చదివాం. చూడచక్కని రిపోర్టు మీద ఏర్పడిన మంచి అభిప్రాయం సమీక్ష మార్కుల్లోకీ పాకిందని ఆయన ఒప్పుకున్నారు. తర్వాత నా వంతు వచ్చింది. ఆ అమ్మాయికి ప్రయోగ రూపకల్పనలో కూడా నేను 5 వేశాను. "మేడమ్, ఎంతసేపు వేడిచేసిందో ఇందులో ఎక్కడుంది, చూపించండి" అన్నారాయన. వెతికాను. లేదు. ల్యాబ్‌లో ప్రతిసారీ ఆ పిల్ల స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడటం నేను కళ్లారా చూశాను. నేను మార్కులు వేసింది ఆ చూసినదానికి, రిపోర్టులో రాసినదానికి కాదు. 5ను 4 చేశాను. మనసు ఒప్పలేదు, కానీ అదే సరైన మార్కు.

ఇది మా ఇద్దరికే పరిమితమైన బలహీనత కాదు. 1912లోనే అమెరికాలో డేనియల్ స్టార్చ్, ఎడ్వర్డ్ ఎలియట్ ఒకే ఇంగ్లిష్ జవాబు పత్రాన్ని ఎంతోమంది టీచర్ల చేత దిద్దించారు. నూటికి 64 వేసినవారూ ఉన్నారు, 98 వేసినవారూ ఉన్నారు. ఇంగ్లిష్ కాబట్టి అలా అయిందని కొందరు అంటే, మరుసటి ఏడాది జామెట్రీ పేపర్‌తో చేశారు. తేడా ఇంకా పెరిగింది.

మోడరేటర్ సరిచేస్తారు కదా అని తల్లిదండ్రులు నన్ను అడుగుతుంటారు. టీచర్ అందరికీ ఒకే తీరుగా చేయి బిగించి వేస్తే శాంపిల్‌లో ఆ సంగతి తెలుస్తుంది, సవరించడానికీ వీలుంటుంది. ఒకరికి బిగించి ఇంకొకరికి వదిలేస్తే ఏ సవరణా పనిచేయదు. అందరి మార్కులూ కలిపి పెంచితే ఎక్కువ వచ్చినవాడికి ఇంకా పెరుగుతాయి, తగ్గిస్తే అన్యాయమైనవాడికి ఇంకా తగ్గుతాయి. శాంపిల్‌లో లేని పిల్లల రిపోర్టు మోడరేటర్ కంట్లో పడనే పడదు. కాబట్టి ఈ పని స్కూల్లోనే జరగాలి.

మేం ఇప్పుడు ముందుగా మూడు రిపోర్టులు తీసుకుని, పేర్లు కప్పేసి, ఎవరికి వారు దిద్ది, తర్వాత మార్కులు పక్కపక్కన పెట్టి చూస్తున్నాం. తేడా వచ్చినచోట వాదించుకుంటాం, తేలిన మార్కుకు కారణం అంచులో రాస్తాం. మిగతావి దిద్దేటప్పుడు ఆ మూడూ బల్ల మీదే ఉంటాయి. ఒక రిపోర్టును మొదలుపెట్టి చివరిదాకా దిద్దేయకుండా, అందరి డేటా విశ్లేషణా ఒక విడతలో, అందరి సమీక్షలూ ఇంకో విడతలో చూస్తున్నాం. లెక్కలో ఒక తప్పు చేసిన విద్యార్థి, ఆ తప్పు విలువ మీదే పద్ధతిగా ముగింపు రాస్తే, ముగింపులో మళ్లీ మార్కులు కోయం. ఒకే తప్పుకు రెండుసార్లు శిక్ష వేయడం నేను చూసినవాటిలో అన్నిటికన్నా ఎక్కువగా జరిగే అన్యాయం. సాయంత్రానికి అలసిపోయి చేయి ఎటో జారుతుంది కాబట్టి, పొద్దున దిద్దినవాటిలో రెండింటిని తీసి మళ్లీ చూస్తాం. పోయినసారి అలా చూసినప్పుడు ఒకదానికి మార్కు మార్చాల్సి వచ్చింది.

దీనికంతటికీ టైమ్ కావాలి. నేను ఇంతకుముందు పనిచేసిన ఒక స్కూల్లో క్లాసులు మామూలుగా నడుపుతూనే రెండు రోజుల్లో రిపోర్టులన్నీ దిద్ది ఇవ్వమన్నారు. ఆ రెండు రాత్రులు నేను వేసిన మార్కులు అందరికీ ఒకే తూకంతో పడ్డాయని ఈ రోజుకీ గుండె మీద చేయి వేసుకుని చెప్పలేను. ఆ పిల్లల పేర్లు నాకు ఇంకా గుర్తున్నాయి.

స్కూలు యాజమాన్యాలను నేను అడిగేది, దిద్దే పనిని టైమ్‌టేబుల్‌లో పెట్టండి, టీచర్లు కలిసి కూర్చునే పూటలు ముందే కేటాయించండి. తల్లిదండ్రులకు కూడా ఒక మాట. మార్కు తక్కువైందని గొడవపడే బదులు, ఏ అంశంలో ఏ వాక్యాన్ని బట్టి ఆ మార్కు వేశారో చూపించమని అడగండి. మార్కులు పంపకముందే అలా అడిగే హక్కు పిల్లలకు ఉండాలి. ఈసారి రిపోర్టుల కోసం మా డిపార్ట్‌మెంట్ మూడు పూటలు అడిగింది, ఒక పూట ఇచ్చారు. మిగతా రెండు పూటల కోసం ఈ వారం మళ్లీ అర్జీ పెడుతున్నాం.

ఇట్లు,
ఒక కెమిస్ట్రీ టీచర్