లేని పేజీల ఫోటో అడిగిన కస్టమర్ కేర్‌కు

కస్టమర్ కేర్ హెడ్ గారికి,

మీరు పంపిన పుస్తకంలో ఒక ఫారం (కలిపి కుట్టే పదహారు పేజీల కట్ట) మొత్తం లేదు. బైండింగ్‌లో అలాంటివి జరుగుతుంటాయి, దానికి నాకు కోపం లేదు. ఆ ముక్క చెబితే వినే నాథుడు మీ కంపెనీలో లేడు, అదీ నా బాధ.

అది ఎస్. ఇ. హింటన్ జీవితకథ. అమెరికాలోని టల్సాలో హైస్కూలు చదువుతూనే 'ది అవుట్‌సైడర్స్' నవల రాసిన ఆవిడ. పదిహేనో ఏట మొదలుపెట్టింది, 1967లో అచ్చయింది. విచిత్రమేమిటంటే, అది రాస్తున్న ఏడాదే బళ్లో క్రియేటివ్ రైటింగ్‌లో ఆవిడకు డి గ్రేడ్ వచ్చింది! మా అపార్ట్‌మెంట్‌లో పదో తరగతి పిల్లలకు ఇలాంటివి చెబుదామని తెప్పించాను. పేరొచ్చాక ఆవిడ కలం కొన్నేళ్లు కదల్లేదు. రోజుకు రెండు పేజీలు రాస్తేనే షికారుకు తీసుకెళ్తానని బాయ్‌ఫ్రెండ్ (తర్వాత ఆయన్నే పెళ్లాడింది) పట్టుబడితే, 1971కి రెండో నవల బయటికొచ్చింది. ఈమాత్రం నాకు ముందే తెలుసు. మిగతాది చదువుదామంటే సరిగ్గా అక్కడే పేజీలు గల్లంతు.

ఇక మీవాళ్ల సంగతి. యాప్‌లో చాట్‌బాట్‌ది ఒకటే పాట: వస్తువు పగిలిందా, సైజు సరిపోలేదా, రంగు నచ్చలేదా? పేజీలు లేవని టైప్ చేస్తే 'సైజు మార్చుకోవడానికి ఇక్కడ నొక్కండి' అంది.

ఫోన్ చేస్తే, చాలాసేపు మీ సంగీతం వినిపించాక ఒక అబ్బాయి ఎత్తాడు. మర్యాదస్తుడే పాపం. "హింటన్ సర్ రాసిన వేరే బుక్ ఏమైనా పంపమంటారా మేడమ్?" అన్నాడు. సర్ కాదు నాయనా, ఆవిడ పేరు సూజన్ అన్నాను. ఆడపిల్ల రాసిందంటే మగ రివ్యూయర్లు తీసిపారేస్తారని పబ్లిషర్లు ఆనాడు పేరును పొడి అక్షరాల్లో దాచారు. ఆ ఎత్తు మీ కాల్ సెంటర్‌లో ఇప్పటికీ పారుతోంది. "ఒక్క నిమిషం హోల్డ్‌లో ఉండండి" అని వెళ్లినవాడు మళ్లీ రాలేదు.

తర్వాత ఎస్కలేషన్ టీమ్ అమ్మాయి. "లేని పేజీల ఫోటో అప్‌లోడ్ చేయండి మేడమ్." లేనివాటికి ఫోటో ఎలా తీయను తల్లీ? "ఫోటో లేకపోతే సిస్టమ్ తీసుకోదు మేడమ్." సరే, 112 పక్కనే 129 ఉన్న చోట తెరిచి ఫోటో పంపాను. 'ఫోటోలోని పేజీలు బాగానే ఉన్నాయి' అని జవాబిచ్చి టికెట్ మూసేశారు. ఆ వెనకే ఇంకో మెసేజ్, మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు అని. ఎంత ధైర్యమండీ మీకు!

మీరు చదవలేని ఆ పుస్తకంలోంచే ఒక సంగతి చెప్తాను. 1980లో కాలిఫోర్నియాలో ఫ్రెస్నో దగ్గర లోన్ స్టార్ స్కూల్ లైబ్రేరియన్, పిల్లల సంతకాలు పెట్టించి, ఈ నవలను సినిమా తీయమని ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొపోలాకు ఉత్తరం రాశారు. ఆయన అప్పటికే 'గాడ్‌ఫాదర్' తీసిన మనిషి. అయినా పట్టించుకున్నాడు. 1983లో సినిమా వచ్చింది, హింటన్ అందులో చిన్న నర్సు వేషం కూడా వేసింది. బడిపిల్లల ఉత్తరానికి ఆయనకు తీరిక దొరికింది. మీకున్న పనులు ఆయనకు లేవేమో మరి.

మీరు చిన్న వెబ్‌సైట్‌గా ఉన్న రోజుల నుంచీ నేను మీ కస్టమర్‌ని. మా అమ్మాయి ఎంసెట్ గైడ్ల దగ్గర్నుంచి మా అత్తగారి భాగవతం దాకా మీ దగ్గరే కొన్నాం. అపార్ట్‌మెంట్‌లో సగం మంది చేత మీ యాప్ వేయించింది నేనే. తీయించడం కూడా నాకు కష్టం కాదు.

డబ్బు వాపసు ఇచ్చి వదిలించుకుందామనుకోకండి. మంచి కాపీ పంపండి, అది లేకపోతే ఆ పదహారు పేజీలైనా సంపాదించి పంపండి. అంతకంటే ముందు, పుస్తకం అంటే ఏమిటో తెలిసిన మనిషి చేత ఒక ఫోన్ చేయించండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని మీ గ్రీవెన్స్ ఆఫీసర్ 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా తేల్చాలి. ఆ ఆఫీసరు గారు ఎవరో నేనింకా చూడలేదు. ఈసారీ జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. మా తమ్ముడు లాయరు, ఫీజు కూడా అడగడు.

ఇట్లు,
మీరు క్లోజ్ చేసిన టికెట్ తాలూకు కస్టమర్,
విజయవాడ