కొల్లేరు నీటిమట్టం ఎవరు నిర్ణయించాలి?

సంపాదకులకు,

కొల్లేరు నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరుపై రెగ్యులేటర్లు (నీటిని ఆపి వదిలే గేట్ల కట్టడాలు) కట్టాలన్న ప్రతిపాదన దశాబ్దాలుగా నలుగుతూనే ఉంది. వాటికయ్యే ఖర్చు గురించి చర్చించినంతగా, కట్టిన తరువాత గేట్లు ఎప్పుడు దించాలో, ఎప్పుడు ఎత్తాలో ఎవరు నిర్ణయిస్తారన్న సంగతి చర్చకు రావడం లేదు. నా దృష్టిలో అసలు చిక్కు అక్కడే ఉంది.

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉన్న కొల్లేరులోకి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరులతోపాటు పదుల కొద్దీ డ్రెయిన్లు వచ్చి కలుస్తాయి. ఆ నీరంతా సముద్రానికి వెళ్లే దారి మాత్రం సుమారు 60 కిలోమీటర్ల ఉప్పుటేరు ఒక్కటే. అందువల్ల ఇక్కడ ఒక్క అడుగు తేడా వచ్చినా ఒకరికి మేలు, మరొకరికి నష్టం. వర్షాకాలంలో సరస్సు నిండితే డ్రెయిన్లు ఎగదన్ని వరిచేలు మునుగుతాయి, లంక గ్రామాలకు రాకపోకలు తెగిపోతాయి. వారికి నీరు త్వరగా లాగేయాలి. వేసవిలో అదే నీరు నిలవకపోతే దోనెల మీద వేటకు వెళ్లే కుటుంబాలకు పని ఉండదు, పోటుకు ఉప్పునీరు ఎగబాకుతుంది, ఆటపాక పక్షుల కేంద్రంలోని గూడబాతులకూ కష్టమే. చేపల చెరువుల వారికి నింపుకోవడానికి మంచినీరూ కావాలి, వాడిన నీరు వదలడానికి దారీ కావాలి. వీరిలో ఎవరి అవసరమూ కొట్టిపారేయదగినది కాదు.

1999లో కొల్లేరును +5 కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) వరకు అభయారణ్యంగా ప్రకటించారు, 2006లో దాని లోపలి చేపల చెరువుల గట్లు తెంపారు, ఆ తరువాత +3కు కుదించాలని శాసనసభ తీర్మానించింది. గీత ఎక్కడ గీయాలన్న తగవుతోనే పాతికేళ్లు గడిచాయి గానీ, ఆ గీత లోపల ఏ నెలలో ఎంత నీరు ఉండాలో స్థానికులను కూర్చోబెట్టి అడిగిన పద్ధతంటూ లేదు. సరస్సు నీరు ఉప్పుటేరులోకి వెళ్లే దారిలోని పెదఎడ్లగాడి వంతెన వద్ద కొలిచే మట్టం వరదల్లో పత్రికలకెక్కుతుంది, వరద తగ్గగానే కనుమరుగవుతుంది. వంతెన ఖానాలకు గుర్రపుడెక్క అడ్డుపడితే నీరు ఎటు ఎగదన్నుతుందో దోనె నడిపేవారు చూసి చెప్పగలరు. సమీక్షా సమావేశంలో వారికి కుర్చీ ఉండదు.

1997 నాటి చట్టం కాలువ నీటి నిర్వహణలో రైతులకు నీటి సంఘాల ద్వారా చోటిచ్చింది. అవి కూడా ఆయకట్టు భూమి ప్రాతిపదికన ఏర్పడినవే కనుక, వల తప్ప సెంటు భూమి లేని మత్స్యకారుడు ఆ లెక్కలోకి రాడు.

కాబట్టి వరి రైతులు, మత్స్యకారులు, చెరువుల సాగుదారులు, లంక పంచాయతీలు, అటవీ, జలవనరుల శాఖలు సభ్యులుగా ఒక శాశ్వత కమిటీని ఏర్పాటు చేసి, తొలకరికి ముందు ఒకసారి, సార్వా కోతలయ్యాక మరోసారి బహిరంగంగా సమావేశపరచి, నెలవారీ మట్టాలను ఖరారు చేయించాలి. రోజువారీ మట్టాన్ని ప్రతి పంచాయతీ కార్యాలయం వద్ద రాయించాలి. అర్ధరాత్రి వరద ముంచుకొస్తే చేతులెత్తించి ఓట్లు లెక్కపెట్టమని నేను అనడం లేదు. అప్పుడు ఇంజనీర్లదే నిర్ణయం, కాకపోతే ఎందుకలా చేశారో తదుపరి సమావేశంలో రాతపూర్వకంగా చెప్పాలి. రెగ్యులేటర్ల పనులు పూర్తయ్యేలోగానే ఈ కమిటీకి ఉత్తర్వులు ఇవ్వాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, కైకలూరు